అసెంబుల్డ్ ఏబీ యాంప్ తీసేసి డీ క్లాస్‌కి మారాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో 5200/1943 ట్రాన్సిస్టర్ల జతలతోనో, టీడీఏ7294 ఐసీతోనో కట్టించుకున్న ఏబీ క్లాస్ యాంప్లిఫయర్ ఉండి, "డీ క్లాస్ బోర్డు వేస్తే సౌండ్ అదిరిపోతుందట" అని విన్నవాళ్ల కోసం ఈ పేజీ. మా మాట ముందే చెప్పేస్తాం. వేడి, బరువు, ఇన్వర్టర్ మీద నడపాల్సి రావడం, సబ్ వూఫర్‌కి పవర్ చాలకపోవడం: వీటిలో ఏదైనా మీ సమస్య అయితే మారండి. "సౌండ్ బాగోలేదు" అన్నదే సమస్య అయితే మాత్రం, బోర్డు కొనేముందు మల్టీమీటర్ తీసి కింద చెప్పిన కొలత చూసుకోండి. చాలాసార్లు తప్పు స్పీకర్లోనో, పవర్ సప్లయిలోనో బయటపడుతుంది.

ఏబీకీ డీకీ అసలు తేడా ఏమిటి?

ఏబీ యాంప్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు సగం తెరుచుకున్న స్థితిలో పనిచేస్తాయి. సప్లయి 33 వోల్టులు ఉంది, ఆ క్షణంలో 8 ఓమ్‌ల స్పీకర్‌కి 10 వోల్టులే కావాలి అనుకోండి. 1.25 ఆంపియర్లు పారతాయి. స్పీకర్‌కి వెళ్లేది 12.5 వాట్లు. మిగిలిన 23 వోల్టులు ట్రాన్సిస్టర్ మీదే పడతాయి కాబట్టి దాదాపు 29 వాట్లు వేడిగా పోతాయి. అంత పెద్ద హీట్ సింక్ అందుకే.

డీ క్లాస్‌లో మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్లు) పూర్తిగా ఆన్ అవుతాయి, లేదంటే పూర్తిగా ఆఫ్ అవుతాయి. సెకనుకు 4 లక్షల సార్లో, అంతకన్నా ఎక్కువగానో అలా మారుతూ ఉంటాయి. పాట ఎగుడుదిగుళ్లను బట్టి ఆన్‌లో ఉండే సమయం పెరుగుతుంది, తగ్గుతుంది. చివర్లో ఉండే కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ ముక్కల్ని మళ్లీ నునుపైన సిగ్నల్‌గా మారుస్తాయి. ఫుల్ పవర్ దగ్గర సామర్థ్యం 85 నుంచి 90 శాతం పైమాటే.

ఇది కొత్త సంగతేమీ కాదు. బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ 1964లోనే ఎక్స్-10 అనే కిట్ అమ్మింది. అప్పటి ట్రాన్సిస్టర్లకు ఇంత వేగం లేదు, అందుకే అది నిలదొక్కుకోలేదు. వేగంగా స్విచ్ అయ్యే మాస్‌ఫెట్‌లు వచ్చాకే డీ క్లాస్ నమ్మదగ్గదిగా తయారైంది.

మారితే సౌండ్ పెరుగుతుందా?

క్లాస్ మారినంత మాత్రాన పెరగదు. పెరగాలంటే స్పీకర్‌కి చేరే వోల్టేజీ, కరెంటు పెరగాలి. అదీ మీరు అనుకున్నంత పెరగదు: 50 వాట్ల నుంచి 100కి వెళ్తే వచ్చే తేడా 3 డీబీ (డెసిబెల్, సౌండ్‌ని కొలిచే లెక్క). అంటే "కాస్త పెరిగింది" అనిపిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డీబీ పెరగాలి, దానికి పవర్ పది రెట్లు కావాలి.

స్పీకర్ వైపు నుంచి చూస్తే లెక్క తేలిక. 88 డీబీ సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత సౌండ్ ఇస్తుందన్న అంకె) ఉన్న స్పీకర్ తీసి 92 డీబీది పెడితే, అదే యాంప్‌తో రెండున్నర రెట్లు పవర్ పెంచినట్టే.

నాకు నిజంగా ఎన్ని వాట్లు కావాలో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడున్న ఏబీ యాంప్ మీదే కొలవండి. పావుగంట పని.

మొదట మీరు ఎక్కువలో ఎక్కువ ఎంత సౌండ్ పెట్టి వింటారో అంత పెట్టి ఒక పాట వినండి. వాల్యూమ్, బాస్, ట్రెబుల్ నాబ్‌లు, ఫోన్ వాల్యూమ్ అన్నీ అక్కడే వదిలేయండి. యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లు విప్పేయండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే తర్వాత వచ్చే టోన్‌ని ఆపకుండా మోగిస్తే ట్వీటరో వూఫరో కాలిపోవచ్చు. ఒక వైరు చివర ఇంకో దానికి తగలకుండా టేపు చుట్టండి.

ఇప్పుడు 100 హెర్ట్జ్ సైన్ టోన్ ఒకటి కావాలి. కంప్యూటర్‌లో ఆడాసిటీ తెరిచి, టోన్ ఆప్షన్‌లో సైన్, 100, యాంప్లిట్యూడ్ 0.25 అని ఇస్తే వచ్చేస్తుంది. 0.25 అంటే ఫుల్ కన్నా 12 డీబీ తక్కువ. ఫుల్ టోన్ పెడితే యాంప్ క్లిప్ అయి, అంటే దాని హద్దు దాటి సిగ్నల్ శిఖరాలు తెగిపోయి, కొలత తప్పుతుంది, అందుకే ఈ జాగ్రత్త. దాన్ని అదే ఫోన్‌లో వేసి యాంప్ ఆన్ చేసి, స్పీకర్ టెర్మినల్స్ మీద ఏసీ వోల్టేజీ చదవండి.

వచ్చిన అంకెను 4తో గుణించండి. దాన్ని వర్గం చేసి స్పీకర్ ఓమ్‌లతో భాగించండి. ఉదాహరణకు మీటర్ 3.2 చూపిస్తే, 12.8 వోల్టులు. 8 ఓమ్‌లకు దాదాపు 20 వాట్లు. పాటలో అతి పెద్ద దెబ్బ పడ్డప్పుడు కూడా మీరు వాడేది అంతే. ఇలాంటివాళ్లకు 50 వాట్ల యాంపే ఎక్కువ, 300 వాట్ల బోర్డు కొన్నా ఒక్క చుక్క తేడా వినిపించదు.

అదే మీటర్ 6.5 చూపిస్తే 26 వోల్టులు, అంటే సుమారు 85 వాట్లు కావాలి. మీ యాంప్ 50 వాట్లదైతే అది క్లిప్ అవుతోంది. గొంతు బొంగురుగా, తబలా దెబ్బ చప్పగా వినిపించడానికి కారణం ఇదే. మీరు మారాల్సినవాళ్లు.

ఈ కొలత డీ క్లాస్ యాంప్ మీద చేయకండి. ఔట్‌పుట్‌లో మిగిలిపోయే స్విచింగ్ శబ్దం మామూలు మీటర్‌ని తప్పుదారి పట్టిస్తుంది.

నా ట్రాన్స్‌ఫార్మర్‌తో ఎన్ని వాట్లు వస్తాయి?

24-0-24, అంటే మధ్య వైరు నుంచి రెండు చివర్లకీ చెరో 24 వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. 24ని 1.414తో గుణించి డయోడ్ల డ్రాప్ తీసేస్తే ప్లస్ 33, మైనస్ 33 వోల్టుల డీసీ. ట్రాన్సిస్టర్లలో, రెసిస్టర్లలో ఒక 4 వోల్టులు పోతాయి. మిగిలిన 29ని వర్గం చేసి, ఓమ్‌ల రెట్టింపుతో, అంటే 16తో భాగిస్తే 52 వాట్లు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి కాగితం మీద 105 వస్తుంది కానీ, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ రెండు చానళ్లకూ అంత మోయలేదు, వోల్టేజీ కిందికి జారుతుంది. బోర్డు మీద "500 వాట్లు" అని రాసి ఉన్నా, పీఎంపీఓ (అమ్మకం కోసం ఉబ్బించి చెప్పే పవర్) అని ఇంకేదో రాసి ఉన్నా, ఈ లెక్క దాటి రాదు.

మార్చేముందు పాత యాంప్‌లో ఏమేం చూడాలి?

స్పీకర్ టెర్మినల్స్ మీద డీసీ వోల్టేజీ మొదట. పాట లేకుండా 50 మిల్లీవోల్టులలోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే ఏదో చెడిపోతోంది.

తర్వాత బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే చిన్న కరెంటు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల దగ్గర 0.22 ఓమ్, 5 వాట్ల తెల్లటి రెసిస్టర్లు ఉంటాయి. స్పీకర్ విప్పి, యాంప్‌ని పావుగంట ఆన్‌లో ఉంచి, ఒక్కో రెసిస్టర్ మీద వోల్టేజీ చూడండి. 5 నుంచి 12 మిల్లీవోల్టులు మంచిది. సున్నా ఉంటే తక్కువ సౌండ్‌లో గరగర వస్తుంది, చాలామంది "డీ క్లాస్‌కి మారాలి" అనుకునేది దీని వల్లే. 30 పైన ఉంటే పాట పెట్టకుండానే హీట్ సింక్ కాలిపోతుంది. బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్) ఉంటే పావు తిప్పుకన్నా తక్కువగా, నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారి తిప్పేస్తే ట్రాన్సిస్టర్ల జత పోతుంది.

ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బాయా, ట్రాన్సిస్టర్ల వెనకుండే మైకా షీట్ కింద పేస్ట్ ఎండిపోయిందా చూడండి. 5200/1943లలో నకిలీవి విపరీతంగా ఉన్నాయి. లోపలి సిలికాన్ ముక్క చిన్నది కావడంతో అవి లోడ్ పడగానే షార్ట్ అవుతాయి. ఏటా ట్రాన్సిస్టర్లు పోతున్నాయంటే క్లాస్‌ని కాదు, వాటిని అనుమానించండి.

టీడీఏ7294 వాడేవాళ్లకు ఇంకో మాట. ఆ ఐసీ పని చేస్తున్నప్పుడు ప్లస్, మైనస్ 40 వోల్టులు దాటకూడదు. 24-0-24 దానికి చివరి హద్దు. 28-0-28 వేస్తే, అర్ధరాత్రి లైన్ వోల్టేజీ 250కి చేరినప్పుడు సప్లయి 40 దాటిపోయి ఐసీ పోయే ప్రమాదం ఉంది.

ఏ డీ క్లాస్ బోర్డు తీసుకోవాలి?

గదిలో వినడానికైతే టీపీఏ3116 ఐసీ ఉన్న బోర్డు. సప్లయి 4.5 నుంచి 26 వోల్టులు. 24 వోల్టుల మీద 8 ఓమ్‌లకు చానల్‌కి 30 వాట్లు. "50 ప్లస్ 50" అనేది 21 వోల్టుల మీద 4 ఓమ్‌ల లెక్క, అదీ 10 శాతం డిస్టార్షన్ దగ్గర. శుభ్రమైన పవర్ అంతకన్నా తక్కువే.

పెద్ద హాలుకీ, 4 ఓమ్‌ల బరువైన స్పీకర్లకీ టీపీఏ3255. 18 నుంచి 53.5 వోల్టులు. 48 వోల్టుల మీద 8 ఓమ్‌లకు సుమారు 125 వాట్లు వస్తాయి. ఒక వాట్ దగ్గర డిస్టార్షన్ 0.006 శాతం అని డేటాషీట్ చెబుతుంది, మామూలు అసెంబుల్డ్ ఏబీ బోర్డులు దీని దరిదాపుల్లోకి రావు.

ఐఆర్ఎస్2092 బోర్డులకు ప్లస్, మైనస్ సప్లయి కావాలి. సబ్ వూఫర్‌కి ఒక్కటే వాడితే బాస్ మోగేటప్పుడు ఒక వైపు సప్లయి వోల్టేజీ పైకి తన్నుతుంది. ఫిల్టర్ కెపాసిటర్లు పెద్దవి వేసి, వాటి వోల్టేజీ రేటింగ్‌లో కనీసం 20 వోల్టులు ఎక్స్‌ట్రా ఉంచుకోండి.

పాత 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌నే వాడుకోవచ్చా?

టీపీఏ3255కి వాడొచ్చు, కానీ ఇప్పుడున్నట్టు కాదు. రెండు చివర్ల నుంచి చెరో డయోడ్ తీసి ప్లస్‌లో కలపండి, మధ్య వైరును గ్రౌండ్ చేయండి. 33 వోల్టుల సింగిల్ సప్లయి వస్తుంది. 10 ఆంపియర్ల డయోడ్లు, 10,000 మైక్రోఫారడ్, 63 వోల్టుల కెపాసిటర్ ఒకటి వేయండి. 8 ఓమ్‌లకు చానల్‌కి దాదాపు 60 వాట్లు దొరుకుతాయి. పాత బ్రిడ్జి అలాగే ఉంచి ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య కలిపారా, అది 66 వోల్టులు, బోర్డు ఆ క్షణమే పోతుంది.

టీపీఏ3116కి 33 వోల్టులు కూడా ఎక్కువే. దానికి 15-0-15 ఇదే పద్ధతిలో సరిపోతుంది.

ఎస్ఎంపీఎస్ ఎలాంటిది కొనాలి?

ఎస్ఎంపీఎస్ అంటే బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా డీసీ ఇచ్చే స్విచింగ్ పవర్ సప్లయి. టీపీఏ3116కి 24 వోల్టులు, 5 ఆంపియర్లు. పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉంటే, 19 వోల్టులది, మొదలుపెట్టడానికి చక్కగా పనికొస్తుంది. టీపీఏ3255కి 48 వోల్టులు, 7 నుంచి 10 ఆంపియర్లు. బోర్డుకి కలిపేముందే ఎస్ఎంపీఎస్ ఔట్‌పుట్ కొలవండి. టెర్మినల్స్ పక్కన ఉండే చిన్న స్క్రూ ఎవరో తిప్పేసి ఉంటే 24 అనేది 27 కూడా చూపిస్తుంది.

"ఇంకా బాస్ రావాలి" అని ఎస్ఎంపీఎస్ తర్వాత 10,000 మైక్రోఫారడ్లు నాలుగు కలపకండి. ఆన్ చేయగానే అది షార్ట్ అనుకుని టిక్ టిక్ మంటూ ఆగిపోతూ ఉంటుంది. 1,000 నుంచి 4,700 చాలు.

పల్లెల్లో సాయంత్రం లైన్ 180కి పడిపోయే చోట ఎస్ఎంపీఎస్ వల్ల నిజమైన లాభం ఉంది. 90 నుంచి 264 వోల్టుల దాకా తీసుకునేదైతే ఔట్‌పుట్ కదలదు. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ యాంప్ ఆ వేళ నీరసంగా పాడుతుంది.

వైరింగ్‌లో ఎక్కడ తప్పు జరుగుతుంది?

స్పీకర్ నెగటివ్ దగ్గర. ఏబీ యాంప్‌లో రెండు స్పీకర్ల నెగటివ్‌లు గ్రౌండే, అందుకే చాలా ఇళ్లలో గోడలోంచి మూడే వైర్లు లాగి నెగటివ్‌ని కామన్ చేస్తారు. పైన చెప్పిన టీపీఏ బోర్డుల స్టీరియో ఔట్‌పుట్‌లో నెగటివ్ టెర్మినల్‌లో కూడా సిగ్నల్ ఉంటుంది, అది గ్రౌండ్ కాదు. రెండు చానళ్ల నెగటివ్‌లు కలిపినా, వాటిలో ఒకటి క్యాబినెట్‌కి తగిలినా, మంచి బోర్డు ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది, చౌకది కాలిపోతుంది. నాలుగు వైర్లు విడివిడిగా లాగాల్సిందే. హెడ్‌ఫోన్ జాక్‌నీ ఈ ఔట్‌పుట్‌కి కలపకూడదు, దాని గ్రౌండ్ కూడా రెండు చానళ్లకూ ఒకటే.

పాత బాస్, ట్రెబుల్ బోర్డు పని చేస్తుందా?

4558 ఐసీ ఉన్న బోర్డులు చాలావరకు ప్లస్, మైనస్ 12 వోల్టుల మీద నడుస్తాయి. కొత్త యాంప్‌కి ఉన్నది సింగిల్ సప్లయి. 12-0-12, 500 మిల్లీఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 రెగ్యులేటర్లతో వేరే సప్లయి ఇవ్వండి. మైనస్ కాలిని గ్రౌండ్‌కి కలిపి సరిపెట్టాలని చూస్తే పాట చీలిపోయి వస్తుంది.

బ్లూటూత్ కలిపితే కీచుమని శబ్దం వస్తోంది, ఎందుకు?

బ్లూటూత్ బోర్డుకి అదే ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టులు ఇచ్చి ఉంటారు. పవర్ గ్రౌండ్ ఒకసారి, ఆడియో వైరు గ్రౌండ్ ఇంకోసారి కలవడంతో లూప్ ఏర్పడి, బ్లూటూత్ లాగే కరెంటు శబ్దమంతా ఆడియోలోకి వస్తుంది. బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ కన్వర్టర్ మధ్యలో పెట్టండి. అది 5 వోల్టులు తీసుకుని, గ్రౌండ్ తెంచి, 200 మిల్లీఆంపియర్ల దాకా 5 వోల్టులే ఇస్తుంది. లేదా బ్లూటూత్‌కి విడిగా ఒక మొబైల్ చార్జర్ వాడి చూడండి.

శబ్దం కీచు కాకుండా "స్స్" అని ఉంటే అది గెయిన్ (సిగ్నల్‌ని బోర్డు ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) ఎక్కువవడం. టీపీఏ3116కి 20, 26, 32, 36 డీబీ అని నాలుగు సెట్టింగులున్నాయి, రెసిస్టర్ మార్చి 26కో 20కో దించండి.

డీ క్లాస్ ట్రెబుల్ గరుకుగా ఉంటుందంటారు, నిజమేనా?

చౌక బోర్డుల విషయంలో కొంత నిజం. చివర ఉన్న కాయిల్, కెపాసిటర్ల ఫిల్టర్‌ని స్పీకర్ ఇన్ని ఓమ్‌లది అని అనుకుని లెక్కేస్తారు. 4 ఓమ్‌లకు లెక్కేసిన బోర్డుకి 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే 20 కిలోహెర్ట్జ్ వైపు సౌండ్ స్థాయి కాస్త పైకి లేస్తుంది. అందుకే ఒకే బోర్డు ఒక ఇంట్లో మెరుపుగా, మరో ఇంట్లో చప్పగా అనిపిస్తుంది. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే (అంటే ఔట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి పోల్చుకుని తేడా దిద్దుకునే) టీపీఏ3255 బోర్డుల్లో ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. ధర ఎక్కువైనా, మెయిన్ స్పీకర్లకి అలాంటిదే కొనమంటాం.

కరెంటు బిల్లు తగ్గుతుందా? ఇన్వర్టర్ సంగతేంటి?

బిల్లులో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు 20 వాట్లు ఆదా అనుకున్నా, రోజుకు 6 గంటల చొప్పున నెలకు 3.6 యూనిట్లు.

ఇన్వర్టర్ మీద మాత్రం తేడా పెద్దదే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది, పైగా స్క్వేర్ వేవ్‌కి శిఖరం తక్కువ కాబట్టి 33 వోల్టులు రావాల్సిన సప్లయి 23 దగ్గర ఆగుతుంది. 52 వాట్ల యాంప్ 22 వాట్లదైపోతుంది. టీపీఏ3116నైతే 12 వోల్టుల బ్యాటరీకే నేరుగా పెట్టేయొచ్చు, 4 ఓమ్‌లకు 15 వాట్ల దాకా వస్తుంది. మధ్యలో 7.5 ఆంపియర్ల ఫ్యూజ్ మరవకండి.

రేడియోకి ఇబ్బంది ఉంటుందా?

మీడియం వేవ్‌కి ఉంటుంది. 400 కిలోహెర్ట్జ్ మీద స్విచ్ అయ్యే బోర్డు 800 దగ్గర కూడా శబ్దం చిమ్ముతుంది, 837 మీద వచ్చే విజయవాడ ఆకాశవాణి దానికి దగ్గర్లోనే ఉంది. రేడియోని రెండు మీటర్లు జరపండి, స్పీకర్ వైర్లు మెలిపెట్టండి, బోర్డుని ఇనుప క్యాబినెట్‌లో పెట్టండి.

సబ్ వూఫర్ కోసమే అయితే?

అప్పుడు రెండో ఆలోచన వద్దు. పాత ఏబీ యాంప్‌ని మెయిన్ స్పీకర్లకి ఉంచి, సబ్‌కి మాత్రం డీ క్లాస్ బోర్డు చేర్చండి. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఫిల్టర్ గరుకుదనం వినపడే ప్రశ్నే లేదు. బాస్ బరువు తప్పించుకున్న ఏబీ యాంప్ కూడా చల్లబడి హాయిగా పాడుతుంది. మెయిన్ స్పీకర్లు, సబ్ రెండూ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మేం చెప్పేది ఇదే.

ట్యూబ్ యాంప్? క్లాస్ హెచ్?

ట్యూబ్ యాంప్‌లో 300 వోల్టుల పైన డీసీ ఉంటుంది, వచ్చేది పది పదిహేను వాట్లు. 90 డీబీ పైన సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లుంటేనే ఆలోచించండి. క్లాస్ హెచ్ (సిగ్నల్‌ని బట్టి సప్లయి వోల్టేజీ మార్చుకునే రకం) పెళ్లి డీజే బాక్సులకి, ఇంటికి అక్కర్లేదు.

చెడిపోతే బాగుచేయించుకోగలమా?

ఏబీ యాంప్‌కి ఇదే పెద్ద బలం. విడిభాగాలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఏ ఊళ్లోనైనా మెకానిక్ మార్చేస్తాడు. టీపీఏ ఐసీలు సన్నని కాళ్లతో బోర్డుకి అతుక్కుని ఉంటాయి, హాట్ ఎయిర్ లేనిదే ఊడవు. పోతే బోర్డే మార్చాలి. గుడికో, స్కూలుకో పెట్టే యాంప్ అయితే స్పేర్ బోర్డు ఒకటి ముందే కొని పెట్టుకోండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఏ వరసలో చేయాలి?

పాత యాంప్ విప్పేముందు ప్లగ్ తీసి, ఫిల్టర్ కెపాసిటర్లు ఒక్కోదాని మీద 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని నిమిషం పాటు ఉంచి ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పులు లేస్తాయి, కెపాసిటర్ కాళ్లు దెబ్బతింటాయి.

కొత్త బోర్డుకి సప్లయి కలిపేముందు ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. తిరగేస్తే కాపాడే డయోడ్ ఈ బోర్డుల్లో చాలావాటికి ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ సప్లయి అయితే 60 వాట్ల ఫిలమెంట్ బల్బ్ సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి, క్షణం వెలిగి ఆరిపోతే సరే. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది. ఎస్ఎంపీఎస్‌తో సిరీస్ బల్బ్ వెలుగుతూ ఆరుతూ తికమక పెడుతుంది, దానికి వాడకండి.

స్పీకర్ లేకుండా ఆన్ చేసి, ప్రతి చానల్ ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య డీసీ చూడండి. ఒక్కో టెర్మినల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య సప్లయిలో సగం, అంటే 24కి 12 వోల్టులు కనిపిస్తే కంగారు పడొద్దు, అది సహజం. రెండు టెర్మినల్స్ మధ్య 50 మిల్లీవోల్టులలోపు ఉంటే చాలు. ఆ తర్వాత ఒక పాత చిన్న స్పీకర్ పెట్టి పది నిమిషాలు వినండి, కాయిల్స్ వేలు పెట్టలేనంత వేడెక్కకపోతే అప్పుడు మీ మంచి స్పీకర్లు కలపండి.